వాల్ట్ కెర్నీ నుదుట బొట్టు

నోవై ఊళ్ళో మా ఎదురింటి దక్షిణామూర్తి అంకుల్‌కి రెండు రకాల మనుషులంటే పడదు. బ్రేక్ వేయడం చేతకాని డ్రైవర్లు, పాత బేస్‌బాల్ ఆటగాళ్ళ బొమ్మల కార్డుల్ని మళ్ళీ అచ్చేసి అమ్మే కంపెనీవాళ్ళు. మొదటిది అర్థం చేసుకోవచ్చు. కార్లకి బ్రేకులు డిజైన్ చేసి రిటైరైన మనిషి. రెండోదాని గురించే మాకు వాదన.

"అదే ఆటగాడు, అదే బొమ్మ. పైగా కొత్తది తళతళా మెరుస్తోంది. మీకొచ్చిన కష్టమేంటంకుల్?" అంటాను.

"జిరాక్స్ కాపీకి పట్టుచీర కట్టినట్టుందమ్మా రాగిణీ. దాన్ని ఏ పిల్లాడైనా జేబులో పెట్టుకుని తిరిగాడా?" అంటారాయన.

చూయింగ్ గమ్ ప్యాకెట్లతో పాటు ఒకప్పుడు పిల్లలకి వచ్చిన ఆ అట్టముక్కలు ఆయన అల్మారా నిండా ఉన్నాయి. ప్రాణం మాత్రం ఒక్కదాని మీదే. అది వాల్ట్ కెర్నీ అనే ఆటగాడి కార్డు. మూల నలిగిపోయింది, బొమ్మకి పెన్సిల్‌తో మీసాలు కూడా ఉన్నాయి. ఆ మీసాలు దిద్దింది ఫ్రాంక్. అంకుల్ ఈ దేశం వచ్చిన కొత్తలో ఆఫీసులో పక్క టేబుల్ మనిషి. తన శాండ్‌విచ్ పక్కన పెట్టి ఈయన పులిహోర లాగించినవాడు, ఈయన్ని ఆటకి తీసుకెళ్ళి ఓపిగ్గా అంతా చెప్పినవాడు. చిన్నప్పటి నుంచి దాచుకున్న ఆ కార్డుని అంకుల్ పెళ్ళికి కానుకగా ఇచ్చాడు. ఇప్పుడు ఫ్రాంక్ లేడు. అతని భార్య డొరొతీ అరిజోనాలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ, ఆ కార్డు ఒక్కసారి చూడాలని ఫోన్ చేసింది. ఆదివారం తెస్తానని అంకుల్ మాటిచ్చారు.

మధ్యలో దసరా వచ్చింది.

అంకుల్ భార్య జానకీదేవి ఆంటీ చేసే ఆయుధపూజ అంటే ఆషామాషీ కాదు. కారుకి, మిక్సీకి, లాప్‌టాప్‌కి, మంచు తీసే పారకి కూడా బొట్టు పడాల్సిందే. ఈసారి కార్డు మీద దయ కలిగింది. ప్లాస్టిక్ మీద బొట్టు నిలవదని కవర్లోంచి బయటికి తీసి, సరిగ్గా ఆటగాడి నుదుట తడి పసుపు అద్ది, పైన కుంకుమ పెట్టారు. రెండూ అట్టలోకి ఇంకిపోయాయి.

అంకుల్ కేకలేయలేదు. వేసినా బాగుండేది. "డొరొతీకి ఏ మొహంతో చూపించను జానకీ?" అన్నారు, అంతే. పండగపూట బూరెలు ముట్టలేదు.

ఆంటీ మా ఇంటికొచ్చి కళ్ళు తుడుచుకున్నారు. "రోజూ కళ్ళకద్దుకునేది దాన్నే కదమ్మా. ఆయన ఆయుధం అదే అనుకున్నా."

నాకు ఒళ్ళు మండింది, ఎవరి మీదో తెలీదు. వెళ్ళి అదే కార్డు కొత్త అచ్చు కొనుక్కొచ్చి అంకుల్ చేతిలో పెట్టాను. చిత్రం, వద్దనలేదు.

"ఆవిడకి చూపు ఆనదు. పోల్చుకోలేదులే" అన్నారు తల దించుకుని. కొన్నది నేనే అయినా, ఆ మాట ఆయన నోట వినడం నాకు బొత్తిగా నచ్చలేదు.

ఆదివారం ఇద్దర్నీ ఎక్కించుకుని డొరొతీ ఇంటికి కారు నేనే డ్రైవ్ చేశాను. డొరొతీ కొత్త కార్డుని వేళ్ళతో తడిమి, "బావుంది" అని మర్యాదగా టేబుల్ మీద పెట్టేసింది. అంకుల్ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. అప్పుడు ఆంటీ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పాతది తీసి ఆవిడ చేతిలో పెట్టారు.

డొరొతీ వేలు నలిగిన మూల దగ్గర ఆగిపోయింది. కార్డుని ముక్కు దాకా తెచ్చుకుని చూసింది.

"మీసాలు మా ఫ్రాంక్‌వి. మరి ఈ ఎర్రచుక్క?"

"అది నాది" అన్నారు ఆంటీ. "మా పండగ. మనవి అనుకున్న వస్తువులకి పెడతాం."

డొరొతీ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "మీసాలు దిద్ది కార్డు పాడుచేశాడని ఫ్రాంక్‌ని వాళ్ళమ్మ కొట్టిందట. నిన్నెవరూ కొట్టలేదు కదా?"

ఆంటీ అంకుల్ వైపు చూశారు. ఆయన కళ్ళజోడు తీసి, అవసరం లేకపోయినా తుడవడం మొదలుపెట్టారు.

కారులో తిరిగొస్తున్నాం, పాత కార్డు ఆంటీ ఒళ్ళో ఉంది. కొత్త కార్డు డొరొతీ టేబుల్ మీదే మర్చిపోయామని నాకప్పుడు గుర్తొచ్చింది. వెనక్కి తిప్పమంటారా అని అడగబోయాను. ఈలోగా అంకుల్ గొంతు సవరించుకున్నారు.

"జానకీ, వచ్చే దసరాకి బొట్టు కాస్త చిన్నది పెట్టు. మీసాలకి తగలకుండా."