జింకపిల్లకు ఊద్ అత్తరు

నా బతుకులో చెడగొట్టిన పనులు చాలా ఉన్నాయి. కానీ ఒక తల్లి మనసు, ఒక పసిదాని జాతకం, నా చేతిదాకా వచ్చిన నౌకరీ, ఈ మూడింటినీ ఒకే మధ్యాహ్నం, అన్నం తినే విరామంలో, చిన్న అత్తరు సీసాతో నాశనం చేసింది మాత్రం ఒక్కసారే. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెప్తాను. నవ్వుకోండి, పర్వాలేదు. ఏడవాల్సింది నేను ఎప్పుడో ఏడ్చేశాను.

మాది జగిత్యాల పక్క పల్లె. కురుమలం. మా నాయిన ఇప్పటికీ గొర్లు కాస్తాడు. గొర్ల వెంట తిరగడం నామోషీ అనిపించి నేను దోహా వచ్చి షటరింగ్ పనిలో చేరాను. అంటే నాయిన గొర్ల వెంట, నేను ప్లైవుడ్ చెక్కల వెంట. ఆయన గొర్లు కనీసం ఆయన్ని గుర్తు పడతాయి.

మా కంపెనీకి ఒక జూలో పని దొరికింది. అల్ వుకైర్ దాటి పోవాలి. పేరెందుకులెండి, జింకలకూ పరువుంటుంది. పాత కంచెలన్నీ తీసేసి కొత్త ఎన్‌క్లోజర్లు కట్టాలి. ఏమేం కడతారో గేటు దగ్గర బోర్డు మీద బొమ్మలు వేసి పెట్టారు. ఇసుక దిబ్బలు, రేగు జాతి సిద్ర చెట్లు, నీటి తుంపర చల్లే పైపులు, జనం చూడడానికి అద్దం గోడ, ఈనబోయే జింకలకు ప్రత్యేకంగా ఒక గది. ఆ బొమ్మలో ఉన్నంత నీడ నేను ఖతార్ మొత్తంలో చూడలేదు. మా క్యాంపులో ఒక్క గదిలో ఎంతమందిమి పడుకుంటామో తలుచుకుని, వచ్చే జన్మలో ఇక్కడ జింకగా పుడితే బాగుండునని అనుకున్నాను.

ఎండలు ముదరక ముందు జూలో వరసగా పురుళ్లు మొదలయ్యాయి. నిప్పుకోడి పిల్లలు గుడ్లు పగలగొట్టుకుని బయటికొచ్చాయి. పొడుగు కొమ్ముల ఓరిక్స్ జింక ఈనింది. కోతి ఒకటి పిల్లను పొట్టకు హత్తుకుని ఊరంతా చూపిస్తూ తిరిగింది. ఇక అందరూ ఎదురు చూస్తున్నది రీమ్ జింక కోసం. ఈ ఇసుకలో పుట్టి పెరిగే జింకలను ఇక్కడివాళ్లు రీమ్ అంటారు, ఇంటి ఆడపిల్లలకు కూడా ఆ పేరే పెట్టుకుంటారు. అంత ముద్దు వాళ్లకు.

జూ డాక్టరు సుభద్ర మేడం. భీమవరం మనిషి. మాట వెన్న, చూపు ఇంజక్షను. ఒకరోజు చాయ్ తాగుతూ మా నాయిన గొర్ల సంగతి అడిగి అడిగి చెప్పించుకుంది.

"అయితే నీకు పశువుల సంగతి బాగా తెలుసన్నమాట" అంది.

"పుట్టిందే గొర్ల మందలో మేడం" అన్నాను. నిజానికి పుట్టింది జగిత్యాల సర్కారు దవాఖానలో.

"కొత్త ఎన్‌క్లోజర్ అయ్యాక జింకల దగ్గర ఒక మనిషి కావాలి. మీ కంపెనీ వదిలితే నిన్నే అడుగుతాను. ఈలోగా పిచ్చి పనులేం చెయ్యకు."

ఆ ఆఖరి మాట నా చెవికి ఎక్కలేదు. నౌకరీ అన్న మాట ఒక్కటే ఎక్కింది. ఎండలో ఇనుము మోసేవాడికి జింకలకు గడ్డి వేసే పని అంటే స్వర్గానికి వాచ్‌మన్ పోస్టు. ఆ సాయంత్రమే ఊరికి ఫోన్ చేశాను. తెల్లారేసరికి నాయిన ఊరంతా చాటాడు, మా మల్లేశానికి దుబాయిల రాజు జింకలను కాసే కొలువైందని. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నారట వెనకటికి. మేము దూడను కట్టేసి, జున్ను కూడా పంచేశాం.

రీమ్ ఈనింది. ఆ తర్వాత రెండు రోజులకు నేను పాత కంచె పక్కన పైపు గుంత తవ్వుతున్నాను. కంచె విప్పి అక్కడ తాత్కాలికంగా గేటు పెట్టింది మేమే, గొళ్లెం తీయడం నాకు తెలుసు. మిట్టమధ్యాహ్నం. అందరూ అన్నానికి పోయారు. నేను కంచెలోకి చూశాను.

చిన్న పొద కింద, ఇసుకలో, అరచేయంత నీడలో జింకపిల్ల పడి ఉంది. మెడ నేలకు ఆనించి, చెవులు వాల్చి, కదలకుండా. తల్లి ఎక్కడో ఆ చివర అటు తిరిగి నిదానంగా మేస్తోంది. పిల్ల వైపు కన్నెత్తి చూడడం లేదు.

నా గుండె తరుక్కుపోయింది, అబద్ధం చెప్పను. మా మందలో తల్లి ఒల్లని పిల్ల పడుండేది సరిగ్గా అట్లాగే. అలాంటి పిల్లను నాయిన గొంగడిలో చుట్టి తెచ్చేవాడు, వేలు చీకించి పాలు అలవాటు చేసేవాడు. నేను నాయిన కొడుకును కదా. మేడం చూస్తే శభాష్ మల్లేశం అంటుంది కదా. గేటు తీశాను. గొంగడి లేదు గనక పచ్చ రంగు సేఫ్టీ జాకెట్‌లో పిల్లను చుట్టాను. అది కిక్కురుమనలేదు. ఎంత మంచి పిల్లో అనుకున్నాను. భయంతో బిగుసుకుపోయిందని తెలిసే తెలివి నాకెక్కడిది?

సామాన్ల క్యాబిన్‌లో ఏసీ వేసి, చాయ్ కోసం పెట్టుకున్న పాలపొడి కలిపి, వేలు ముంచి నోట్లో పెట్టాను. చీకింది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. అప్పుడే తలుపు తీసుకుని జహంగీర్ భాయ్ వచ్చాడు. కోరుట్ల మనిషి, మా సైటుకు నీళ్ల ట్యాంకరు నడుపుతాడు, ప్రపంచంలో ఆయనకు తెలియని విషయం లేదు.

"అరె మియా, ఏం పట్కొచ్చినవ్? బక్రీద్ ఇంకా దూరమున్నది గదా."

"తల్లి ఒల్లదు భాయ్. ఎండల ఇడిసిపెట్టింది."

"ఎవరు జెప్పిన్రు ఒల్లదని?"

"చూస్తె తెలుస్తలేదా?"

"నాకు తెలుస్తున్నది. నువ్వే జర కిటికీల నుంచి చూడు."

చూశాను. తల్లి పొద దగ్గరికి వచ్చింది. నేల వాసన చూసింది. పొద చుట్టూ తిరిగింది. తల ఎత్తి ఒకలాంటి గొంతుతో పిలిచింది, మళ్లీ నేల వాసన చూసింది. తర్వాత కంచె వెంట ఆ చివరకీ ఈ చివరకీ పరుగెత్తడం మొదలుపెట్టింది. పొదుగు నిండా పాలు. బిడ్డకు పాలివ్వడానికి వచ్చింది ఆ తల్లి. నేను వదిలేసిందనుకున్న తల్లి.

పిల్లను గబగబా మళ్లీ జాకెట్‌లో చుట్టాను.

"భాయ్, ఇప్పుడే తీస్కపోయి పెట్టేస్త."

"ఆగు ఆగు. గట్లనే పెడ్తె తల్లి దగ్గరికి రానిస్తదా? దీని మీద నీ చెమట వాసన, సిమెంటు వాసన. ముందుగాల కడుగు."

ఆయన చెప్పింది ఎంత సబబుగా ఉందో చూడండి. కడిగాను. క్యాంపు సబ్బుతో. పిల్ల గులాబీ వాసన కొట్టడం మొదలుపెట్టింది. ఏ ఎడారిలో ఏ జింక గులాబీ వాసన కొడుతుంది?

"ఇదిప్పుడు ఎట్ల పోవాలె భాయ్?"

జహంగీర్ భాయ్ కళ్లు మూసుకుని ఆలోచించాడు. జేబులోంచి చిన్న సీసా తీశాడు. "ఊద్. అసలు మాల్. ఈ ముల్కుల ఏ వాసనైనా దీని ముందల నిలవది."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. కడిగిన కాలికి అత్తరు పూయనేల అని కూడా ఒక ముక్క అని ఉంటే నా బతుకు బాగుపడేది. రెండు చుక్కలు అనుకున్నాం. మూత ఊడి సగం సీసా ఒలికింది. పిల్ల మీద సగం, నా చొక్కా మీద సగం.

పిల్లను పొద కింద పెట్టి గేటు బయట దాక్కున్నాం. తల్లి పరుగున వచ్చింది. ముక్కు దగ్గరికి తెచ్చింది. తుమ్మింది. ఎగిరి వెనక్కి దూకి, ముందు కాలితో నేలను తన్ని, ఒక్కటే పరుగు. దాని వెనక మంద మొత్తం మూలకు పోయి కంచెకు అంటుకుని నిలబడింది. పిల్ల లేచి, వణికే కాళ్ల మీద నిలబడి, అటూ ఇటూ చూసి, తల్లిని వదిలేసి, గేటు వైపు, అంటే నా వైపు, నడుచుకుంటూ వచ్చింది.

"నీదే అయిపాయె మియా" అన్నాడు జహంగీర్ భాయ్. ఆ తర్వాత ఆయన, ఆయన ట్యాంకరు ఎటు మాయమయ్యారో ఆ దేవుడికే తెలియాలి.

అదే సమయానికి సుభద్ర మేడం వచ్చింది. ముక్కు ఎగబీల్చింది.

"ఎవరైనా షేక్ గారు వచ్చి వెళ్ళారా ఇటు?"

"రాలేదు మేడం."

"మరి ఊద్ వాసన వేస్తోందేంటి?"

"గాలికి వచ్చుంటది మేడం."

ఆమె వాసన వెంట నడిచింది. పొద, గేటు, పిల్ల. వంగి పిల్లను వాసన చూసింది. లేచి నన్ను వాసన చూసింది. ఇక సాక్షులతో పనేముంది?

"ఏం చేశావు మల్లేశం?"

అంతా చెప్పాను. వేలు చీకించింది, సబ్బు, సీసా. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. అక్కడే ఇటుకల మీద కూలబడింది.

"పిల్లను దాచిపెట్టి తల్లి దూరంగా వెళ్ళిపోతుంది. కావాలనే అటు తిరిగి మేస్తుంది, ఎవరికీ అనుమానం రాకూడదని. ఆ వయసులో పిల్లకు వాసనే ఉండదు, నక్క పక్కనుంచి వెళ్ళినా కనిపెట్టలేదు. దేవుడు దానికి ఇచ్చిన రక్షణ అదొక్కటే" అని నా చొక్కా వైపు చూసి, "నువ్వు దానికి ఊద్ కొట్టావు" అంది.

నేలలోకి దిగిపోవాలనిపించింది. పైపు గుంత పక్కనే ఉంది కూడా.

ఏదో మందు ఉంటుందని ఆశతో నాయినకు ఫోన్ చేశాను.

"నాయిన, తల్లి పిల్లను రానిస్తలేదు. ఏం జెయ్యాలె?"

"మేకనా, గొర్రెనా?"

"జింక."

"జింక పిల్లను ముట్టినవారా? అది అడివి జీవి. దాపెట్టిపోయి మల్లొస్తది. ఏ కురుమోడూ దాన్ని ముట్టడు."

"గీ ముచ్చట నాకు ఎప్పుడన్న చెప్పినవా?"

"ఎప్పుడన్న గొర్లకాడికొచ్చినవా, చెప్పెతందుకు? నామోషని సిమెంటుకు పోతివి."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నాకు నాలుకతో పాటు చేతికందిన నౌకరీ కూడా ఊడింది.

తల్లి మళ్లీ పిల్లను రానివ్వలేదు. మేడం ఎన్ని విధాల ప్రయత్నించినా వాసన చూడడం, తుమ్మడం, పారిపోవడం. పొదుగు బరువుతో అది కంచె వెంట తిరుగుతుంటే నేను అటు చూడలేక తల వంచుకుని మేకులు కొట్టేవాణ్ణి. ఎక్కువగా వేలి మీదే కొట్టుకున్నాను. పిల్లకు సీసా పాలే దిక్కయ్యాయి. అక్కడ ఇంకో తిరకాసు. చేతి తొడుగులు వేసుకుని మేడం పడితే నోరు తెరవదు. ఊద్ అంటిన నా చొక్కా కనిపిస్తే గటగటా తాగుతుంది. దాని లెక్కలో ఊద్ అంటే అమ్మ.

ఇంతలో కొత్తగా పుట్టిన పిల్లలనూ, కట్టబోయే ఎన్‌క్లోజర్లనూ చూడడానికి జూకు పైనున్న పెద్ద సారు వస్తున్నాడని కబురు. జూ మేనేజరు గేటు దగ్గరి బోర్డు కడిగించాడు. బొమ్మలోని సిద్ర చెట్లకు కూడా దుమ్ము దులిపించాడు. మేడం నన్ను పిలిచి, "సైటు మీద కనపడకు. పిల్ల నీ వెంట పడితే నా ఉద్యోగం కూడా పోతుంది" అంది. సిమెంటు బస్తాల వెనక కూర్చున్నాను.

మడమల దాకా ఉండే తెల్లటి అరబ్బు చొక్కా, అదే థోబు, వేసుకున్న పెద్ద సారు పరివారంతో వచ్చాడు. మేనేజరు ఇసుక దిబ్బల గురించి, తుంపర పైపుల గురించి వివరిస్తున్నాడు. గాలి ఇటు తిరిగింది. బస్తాల వెనక నా దాకా వచ్చింది ఆ పరిమళం. ఖతార్‌లో ఊద్ పూసుకోని పెద్దమనిషి ఎక్కడుంటాడు? ఈ సంగతి నాకు ఆ క్షణం దాకా తట్టలేదు.

జింకపిల్లకు మాత్రం వెంటనే తట్టింది. చెవులు నిక్కబొడుచుకుంది. మేడం చేతుల్లోంచి జారి, పరివారం కాళ్ల సందుల్లోంచి దూరి, నేరుగా పోయి పెద్ద సారు థోబు అంచు నోట కరుచుకుని చీకడం మొదలుపెట్టింది. తల్లి పొదుగును పొడిచినట్టు మూతితో ఆయన మోకాలిని పొడుస్తోంది కూడా. మేనేజరు ముఖం సున్నం కొట్టినట్టయింది. నేను మనసులోనే సూట్‌కేసు సర్దుకున్నాను.

పెద్ద సారు కిందికి చూశాడు. వంగి దాని తల నిమిరాడు. "మాషా అల్లా" అన్నాడు. మనుషులంటే ఇంత ప్రేమ కలిగేలా దీన్ని పెంచిందెవరని అడిగాడు. మేనేజరు మేడం వైపు, మేడం సిమెంటు బస్తాల వైపు చూశారు. వెళ్లి నిలబడ్డాను. అతన్ని జంతువుల దగ్గరే పెట్టుకోండి అని చెప్పి, తడిసిన థోబుతో నవ్వుకుంటూ వెళ్లిపోయాడాయన.

పెద్దవాళ్ల మాటకు తిరుగుంటుందా? కంపెనీ నన్ను వదిలింది, జూ తీసుకుంది. జహంగీర్ భాయ్ ఎక్కణ్నుంచో మళ్లీ ప్రత్యక్షమై, "చూసినవా నా ఊద్ మహిమ" అన్నాడు. కొత్త చొక్కా వేసుకుని డ్యూటీ మొదటి రోజు మేడం ముందు నిలబడ్డాను.

"జింకల కాడికేనా మేడం?"

"కాదు. రా."

తీసుకెళ్లి ఒక చిన్న గోడ ముందు ఆపింది. లోపల తాబేళ్లు.

"తాబేలు ఇసుకలో గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది మల్లేశం. మళ్ళీ తిరిగి చూడదు. పిల్లలు వాటంతట అవే వస్తాయి, వాటంతట అవే బతుకుతాయి. ఈ జూ మొత్తంలో నువ్వు సాయం చెయ్యడానికి తల్లి లేని చోటు ఇదొక్కటే."

ఇప్పటికీ అక్కడే ఉన్నాను. తాబేళ్లు నూరేళ్లు బతుకుతాయట. ఊళ్లో నాయిన మాత్రం నేను రాజు జింకలను కాస్తున్నాననే చెప్తున్నాడు. ఆ పిల్ల పెరిగి పెద్దదై కొత్త ఎన్‌క్లోజర్‌లో ఉంది. మందకు కాస్త దూరంగానే మేస్తుంది. అద్దం గోడ చివర సందులోంచి ఊద్ వాసన వస్తే చాలు, అమ్మొచ్చిందని పరుగెత్తుకొస్తుంది. శుక్రవారం సాయంత్రం వందల మంది అమ్మలు వస్తారు. ఎవరి దగ్గరా పాలు ఉండవు. జనం చప్పట్లు కొట్టి ఫోటోలు తీసుకుంటారు. నేను ఆ పూట తాబేళ్ల దగ్గర తల వంచుకుని ఆకులు తరుగుతాను.

మొన్న నాకు కూతురు పుట్టింది. సెలవు మీద ఊరికి పోయాను. దవాఖానలో నర్సు బిడ్డను నా చేతికి ఇవ్వబోతే రెండడుగులు వెనక్కి వేసి, "తల్లి ఏడున్నది?" అని అడిగాను.

"ఈడనే ఉన్న, పట్టుకో" అంది మంచం మీది నుంచి నా భార్య.

కాబట్టి, నూరేళ్ల ఆయుష్షున్న తాబేళ్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ పిల్లను చూసినా, అది నా కడుపున పుట్టినదే అయినా, తల్లిని అడగకుండా ముట్టను. నీళ్ల ట్యాంకరు నడిపేవారి వైద్యం వినను. అత్తరు పెళ్లికి కూడా పూసుకోను. ఈ మాట తప్పితే, వచ్చే జన్మలో నేను జింకగానే పుట్టి, పుట్టిన రెండు రోజులకు, మిట్టమధ్యాహ్నం, నాకంటే మంచి మనసున్న మల్లేశం చేతిలో పడుదునుగాక.