అంటుకోని రాయి

చిన్నప్పటి మా పక్క క్వార్టర్ అత్తయ్య పోయిందన్న కబురు మా ఇనప గనుల ఊరు కిరండూల్ కాలనీ వాట్సాప్ గ్రూపులో చూశాను. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. వాటి మధ్యే ఒక పెద్దమనిషి తన కోచింగ్ సెంటర్ ప్రకటన పెట్టాడు, సైన్సులో నూటికి నూరు తెప్పించే పూచీ తనదట. రోత పుట్టింది. అత్తయ్య ఉంటే దానికి ఒక్కటే అడిగేది: "పెట్టి సూసాడా?"

అది ఆవిడ ఊతపదం. ఎవరు ఏం చెప్పినా, పుస్తకంలో ఉందన్నా సరే, పెట్టి సూసావా అనేది. విజయనగరం వైపు నుంచి పెళ్లయి వచ్చింది. చదివింది ఇంటర్. మావయ్య గనిలో రాయి మోసే డంపర్ నడిపేవాడు. సాయంత్రం నాలుగయ్యేసరికి మా లైను పిల్లలమంతా ఆవిడ వంటింటి గచ్చు మీద చేరేవాళ్లం. బెండకాయలు తరుగుతూనే భూమి వయసు చెప్పేది.

ప్రపంచ పటం ఉండేది కాదు. కందిపప్పు గింజలతో గచ్చు మీద రైలు పట్టాలు వేసేది. మా కొండ తవ్విన ఇనప రాయిని కిరండూల్లో బయలుదేరదీసి, అరకు దాటించి, విశాఖలో ఓడ ఎక్కించి, పీట అవతలున్న జపానుకు చేర్చేది. "మన కొండ ఎక్కడికెళ్తందో తెలీకపోతే మనం ఎక్కడున్నామో ఏటి తెలుస్తాదర్రా" అనేది. తెలియని సంగతి అడిగితే "నాకు తెల్దు, రేపు సెప్తాను" అని, కొంగు దోపుకుని పక్క వీధి జియాలజిస్టు ఇంటికి వెళ్లి అడిగొచ్చేది. నాకు తెల్దు అనే పెద్దమనిషిని ఈ ఊళ్లో నేను మళ్లీ చూడలేదు.

ఒకసారి సీసాలో నీళ్లు పోసి ఇనప మేకులు వేసి కిటికీలో పెట్టింది. కొన్నాళ్లకి అడుగున ఎర్రటి మడ్డి పేరుకుంది. మూత తీస్తే మేం ముక్కులు మూసుకున్నాం.

"అసయ్యించుకోకండి. మన కొండ పుట్టింది ఇలగే. సేప కూడా పుట్టని రోజుల్లో సముద్రం నీళ్లలో ఇనుం కరిగుండీది. కంటికి కనపడని జీవాలు నీళ్లలోకి ఆక్సిజన్ వదిలితే, ఆ ఇనుం తుప్పట్టి అడుక్కి దిగిపోయింది."

మా అమ్మలకి ఇదంతా గిట్టేది కాదు. పరీక్షలో రానివన్నీ చెప్పి పిల్లల్ని చెడగొడుతోందనేవారు. ఆవిడ చేసిన జంతికలు మాత్రం డబ్బాలకెత్తుకునేవారు.

ఇక నా సంగతి. ఎనిమిదో క్లాసులో బడి సైన్సు ప్రదర్శనకి ప్లాస్టర్‌తో మా కొండ చేశాను. ఇనప కొండకి అయస్కాంతం అంటుకుంటుందని ఈ ఊళ్లో ప్రతివాళ్లూ అంటారు. అత్తయ్య పాత రేడియో స్పీకర్లోంచి తీసిన అయస్కాంతం నా చేతికిచ్చి "పెట్టి సూడు" అంది. పట్టుకుంటే వేళ్లు ఎర్రబడే మా కొండరాయి అంటుకోలేదు. తుప్పయ్యాక ఇనుం గుణం మారిపోయిందని చెప్పింది. "ఇదే సూపించు. ఎందుకంటుకోలేదో వాళ్లనే అడుగు" అంది.

చూపించాను. అతిథిగా వచ్చినాయన పకపకా నవ్వాడు. "కిస్‌నే సిఖాయా?" అన్నాడు, ఎవరు నేర్పారని. చుట్టూ అందరూ నవ్వారు. వెనక వరసలో అత్తయ్య జంతికల డబ్బాతో నిలబడి ఉంది. నేను హిందీలో, "పక్కింటి ఆంటీ సార్. ఆవిడ టీచరేం కాదు" అన్నాను.

అత్తయ్య అనలేదు, ఆంటీ అన్నాను. అంతటితో ఆగలేదు. మధ్యాహ్నానికి వర్క్‌షాపు నుంచి ఇనప రజను తెప్పించి, ఎర్రరంగు కలిపి కొండ మీద చల్లాను. అయస్కాంతం పెట్టగానే చీమల్లా అంటుకుంది. మొదటి బహుమతి ఇచ్చారు. ఆ చప్పట్లు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మర్నాడు నాలుగింటికి వెళ్లాను. తిట్టలేదు. పీట జరిపి కూర్చోమంది. "ప్రైజొచ్చిందట కదే. ఆ రజను ఏ కొండదే?" అంది. ఆవిడ బెండకాయలు తరుక్కుంది.

ఇప్పుడు నేను అదే బడిలో సైన్సు టీచర్ని. నా కొండ మా బడి అద్దాల బీరువాలో ఉంది. ఏటా కొత్త పిల్లలకి చూపిస్తారు. నేనూ చూపించాను. ఇన్నేళ్లూ నోరు మెదపలేదు.

మొన్న కమ్యూనిటీ హాల్లో సంతాప సభ పెట్టారు. ఫ్లెక్సీ మీద 'మహా విద్యావేత్త' అని రాయించారు. పిల్లల్ని చెడగొడుతోందన్న నోళ్లే మైకు పట్టుకుని కన్నీళ్లు పెట్టాయి. ఒక చేతిలో సమోసా, ఒక చేతిలో మైకు. బతికున్నన్నాళ్లు ఆ గడప తొక్కనివాళ్లు కూడా ఆవిడ ఒళ్లో పెరిగినట్టు మాట్లాడారు. ఆవిడ ఫోటో పక్కన ఒక వస్తువుకి కూడా పూలదండ వేసి పెట్టారు. అది నా కొండ.

"అమ్మగారి శిష్యురాలు చేసిన మోడల్. మీరే చూపించాలి మేడమ్" అన్నారు హెడ్మాస్టరు. ముందు వరసలో నా క్లాసు పిల్లలు కూర్చుని ఉన్నారు.

ఒక్క నిమిషం అని చెప్పి అత్తయ్య క్వార్టర్‌కి వెళ్లాను. ఆ కిటికీలో సీసా లేదు గానీ రాయీ అయస్కాంతమూ ఉంటే తీసుకొచ్చాను. మైకు ముందు నిలబడి, ఈ కొండ మీద ఉన్నది వర్క్‌షాపు రజను, బహుమతి కోసం నేనే చల్లాను, మా అత్తయ్య నేర్పింది ఇది కాదు అని చెప్పాను. సమోసాలు నమిలే చప్పుడు ఆగింది.

వెనక నుంచి ఎవరో అన్నారు: "ఏందమ్మా, ఇనప రాయికి అయస్కాంతం అంటుకోదా?"

రాయినీ అయస్కాంతాన్నీ ఫోటో ముందు తెల్లగుడ్డ మీద పెట్టి పక్కకి జరిగాను. ముందు వరస పిల్లలు ఒక్కొక్కరే లేచి వచ్చారు. పెట్టి చూశారు. రాయి అంటుకోలేదు. అందరూ వెళ్లాక, ఆవిడ ఫోటో కింద తెల్లగుడ్డంతా ఎర్రటి చిన్న చిన్న వేలిముద్రలు.