పేరు లేని గూటికి నాలుగు సంచులు

సిరిసిల్ల బస్సులోంచి మా మేనత్త దిగిన తీరు చూసి నాకు ఒళ్లు మండింది. డెబ్బై దాటిన మనిషి, నాలుగు సంచులు! కోరుట్ల బస్టాండు ముందు నేను స్కూటీ మీద తయారుగా ఉన్నాను. మేం పోవలసింది జగిత్యాల దగ్గరి బుద్ధవిహారానికి. ఎవరూ తలచుకోని చనిపోయినవాళ్ల కోసం అక్కడ ఒక గోడ కట్టి, దాని నిండా గూళ్లు పెట్టారు. ఒక గూట్లో దీపం పెట్టి రావాలి, అంతే.

"దీపం పెట్టనీకి పోతున్నమా, పెండ్లికి పోతున్నమా అత్తా?"

"నువ్వు నడుపు బిడ్డా. బస్సు కథలాపూర్ దాటినంక అన్నీ గుంతలే. అయినా ఒక్క చుక్క ఒలకనియ్యలే."

అత్త తొలిచూలు బిడ్డ తొమ్మిదో రోజే పోయింది. మా వైపు ఇరవై ఒకటో రోజున తొట్టెలో వేసి పేరు పెడతారు. అందాకా ఆ పిల్ల బతకలేదు. పెత్రమాస వస్తే, అదే పెద్దల అమావాస్య, ఇంట్లో పోయినవాళ్లను పేరుపేరునా పిలిచి, వాళ్లకు ఇష్టమైనవి వండి పెడతాం. పేరే లేని పిల్లను ఏమని పిలవాలి? యాభై ఏళ్లుగా ఆ పిల్లకు విస్తరి పడలేదు. ఈ గోడ సంగతి నేనే నోరు జారి చెప్పాను. అప్పట్నుంచీ "ఆడ గూడ పేరు అడుగుతరా?" అని ఫోన్లో రోజూ నా ప్రాణం తీసింది.

విహారంలో ఉండే భిక్షువును అందరూ భంతే అంటారు. అత్త సంచులు విప్పుతుంటే ఆయన చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. గారెలు, బూరెలు, సర్వపిండి. తర్వాత చేపల పులుసు, కోడికూర. చివరికి పాత చీర ముక్కలో చుట్టిన కల్లు సీసా. నేను సిగ్గుతో చచ్చాను.

"అమ్మా, ఈడ మాంసం పెట్టం. కల్లు అసలే వద్దు," అన్నాడు భంతే.

"సచ్చిపోయినోళ్లు తాగి బండి నడుపుతరా అయ్యా?"

ఆయనకు నవ్వాగలేదు. నాకు కోపమాగలేదు.

"తొమ్మిది రోజుల పిల్ల అత్తా! పాలు తప్ప ఏం ఎరుక దానికి? గీ కోడికూర ఎవ్వరు తింటరు, కల్లు ఎవ్వరు తాగుతరు?"

అత్త నావైపు చూడనే లేదు.

"అయ్యా, ఎవ్వలకు ఏది ఇష్టమో గదే పెడ్తం. మా అత్తకు చేపలు, మా ఆయనకు కల్లు. దీనికి ఏం ఇష్టమో నాకెట్ల ఎరుక? బతికుంటే గిప్పుడు యాభై ఏండ్లది. అందుకే అన్నీ తెచ్చిన. ఏది నచ్చితే గది తింటది."

భంతే వంగి, అత్త చేతికి అందేలా ఒక గూడు చూపించాడు.

"పేరు అడగం తల్లీ. పేరు లేనోళ్లకే గదా గీ గోడ. కూరలు, కల్లు మాత్రం గేటు బయట పెట్టుండ్రి. నేను అటు దిక్కు చూడ."

అత్త గూట్లో దీపం వెలిగించి గారెలు, బూరెలు, సర్వపిండి పెట్టింది. కూరలు, కల్లు నేనే గేటు బయటికి మోసుకెళ్లి పెట్టాను. మూత తీసి మరీ పెట్టాను.

తిరిగి వస్తుంటే, వెనక అత్త కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని స్కూటీ అద్దంలో కనిపించింది. ఏడుస్తోందేమోనని వేగం తగ్గించాను. అప్పుడు నా భుజం తట్టింది.

"గారెలల్ల ఉప్పు తక్కువైంది బిడ్డా. నా చేతి వంట మొదటిసారి తింటున్నది. ఏమనుకుంటదో!"