మా ల్యాబులో ఉందిగారు

మా ల్యాబు పెద్ద డాక్టరుగారి నోట ‘లేదు’ అన్న మాట వినాలంటే ఒక జీవితం చాలదు. అందుకే ఆయనకు మేం పెట్టుకున్న పేరు ఉందిగారు.

“భోజనం అయిందా సార్?” అంటే, “కావాల్సి ఉంది.”

“గొడుగు తెచ్చారా?”

“తేవాల్సి ఉంది.”

యాభై ఎనిమిదేళ్ళ మనిషిని, కొత్తగా చేరిన నర్సు ఊరికే మాటవరసకి పెళ్ళయిందా అని అడిగితే, “కావాల్సి ఉందమ్మా” అన్నారు. మర్నాటి నుంచి ఆమె మా వైపు రావడం మానేసింది. ఆయన నున్నటి తల గురించి అడిగే ధైర్యం మాకు ఇంకా రావాల్సి ఉంది.

మా పని మాత్రం నవ్వులాట కాదు. లివర్‌లో పెరిగిన గడ్డ నుంచి తీసిన ముక్కను వెంట్రుక కన్నా పలచగా కోసి, గాజుపలక మీద పరిచి, రంగు పట్టిస్తాం. గడ్డ కణాల మీద రిసెప్టర్ అనే ప్రోటీన్ ఉంటే గోధుమరంగు తేలుతుంది, లేకపోతే నీలంగానే ఉండిపోతుంది. కొత్త మందు పట్టుకునేది దాన్నే. అది ఉంటేనే ఆ మందు ఇస్తారు.

ఒకరోజు బట్టలు కుట్టుకునే ఒకావిడ స్లైడు వచ్చింది. గడ్డంతా నీలం. నేను ‘లేదు’ అని రాయబోయాను.

“ఆగమ్మా,” అన్నారు ఉందిగారు. “అదే ముక్కలో గడ్డ పక్కనున్న మంచి లివర్ చూశావా? దాని మీద ఈ రిసెప్టర్ ఎప్పుడూ ఉంటుంది. అక్కడా నీలమే. అంటే తప్పు మన రంగుది. మళ్ళీ చెయ్యాల్సి ఉంది.”

నా చెవులు వేడెక్కాయి. రెండోసారి మంచి లివర్ చక్కగా గోధుమరంగుకు తిరిగింది. గడ్డ మాత్రం తిరగలేదు. గడ్డలోనే ఇంకోచోటి ముక్కతో మూడోసారి చేశాం. అదే నీలం. ఆయన చాలాసేపు మైక్రోస్కోపు నుంచి తలెత్తలేదు. తర్వాత రిపోర్టు తనే రాసి, మడిచి, జేబులో పెట్టుకున్నారు.

“ఇటివ్వండి సార్, పైకి పంపిస్తాను.”

“నేనే వెళ్తాను.”

మనసాగక వెనకే వెళ్ళాను. వార్డు గుమ్మం దగ్గర అక్కడి సీనియర్ నర్సు చెయ్యి అడ్డంపెట్టింది.

“ఇప్పుడు వద్దు. మందు కుదరదన్న రిపోర్టు ప్రతిదీ ఆయనే తెస్తారు. మా డాక్టరుగారు కూడా ఆయన వచ్చేదాకా ఆగుతారు. ఈ మాట ఎవరూ కాగితం మీద ఒంటరిగా చదువుకోకూడదంటారాయన.”

పదకొండేళ్ళు పక్కనే పనిచేసిన నాకు ఈ సంగతి తెలియదు.

లోపల, గుమ్మానికి దగ్గర్లోనే, ఆవిడ మంచానికి ఆనుకుని ఆయన స్టూలు మీద కూర్చున్నారు. “అమ్మా, ఆ మందుకు కావలసింది మీ గడ్డలో లేదు. మూడుసార్లు చూశాను. లేదు.” మెల్లగా, స్పష్టంగా, ఆమె కళ్ళలోకి చూస్తూ అన్నారు.

“మరి నా గతి?”

“పాత మందుంది. రేపు మొదలుపెడతారు. దాంతో గడ్డ ఎంతవరకు అణుగుతుందో చెప్పలేం. ఒంటికి కష్టంగానే ఉంటుంది.”

ఆమె కళ్ళు తుడుచుకుని, తన సంచిలోంచి సూదీ దారం తీసి, ఆయన తెల్లకోటు వైపు చూసింది. “అది విప్పి ఇటివ్వండి. గుండీ ఊడిపోయేలా వేలాడుతోంది.”

“ఇప్పుడెందుకమ్మా?”

“చేతులు ఖాళీగా ఉంటే ఏడుపొస్తుంది. ఇవ్వండంటే!”

ఆయన బుద్ధిగా విప్పి ఇచ్చారు. ఆవిడ గుండీ కుట్టి ఊరుకుందా? జేబు చిరుగు పట్టుకుంది, చేతుల అంచులు పట్టుకుంది, మధ్యమధ్య కోటు ఎలా వాడుకోవాలో చీవాట్లు పెట్టింది. అరగంటసేపు మా పెద్ద డాక్టరుగారు మారుమాటాడకుండా ఆమెకు దారం అందిస్తూ కూర్చున్నారు.