ఒరల కిసుకే చేసిన చేతికర్ర

కిసుకే పుట్టింది కత్తుల ఒరలు చేసే ఇంట్లో. కనజావా కోట కింది సందులో తాత చేశాడు, తండ్రి చేశాడు, పన్నెండో ఏట నుంచి తనూ చేశాడు. బాగా ఆరిన హో చెట్టు చెక్కను నిలువునా రెండుగా చీల్చి, కత్తి పడుకునేంత తొలిచి, మెత్తగా నూరిన అన్నంతో మళ్ళీ అతికించాలి. లోపల తుప్పు చేరితే ఒరను విప్పి శుభ్రం చేయాలి కాబట్టి, సులువుగా ఊడే అన్నం తప్ప ఇంకే జిగురూ పనికిరాదు.

అతనికి యాభై మూడేళ్ళప్పుడు, ఎవరూ నడుముకు కత్తి కట్టుకు తిరగకూడదని సర్కారు ఆజ్ఞ ఇచ్చింది. ఇక ఒరలు అడిగేవాళ్ళు లేరు. కిసుకే అదే చెక్కతో గరిటెలు చెక్కసాగాడు.

"ఇన్నాళ్ళకి నాకు పనికొచ్చేది చేశావయ్యా!" అని భార్య తోయో నవ్వింది.

ఆ వానాకాలం మొదట్లో పాత సమురాయి నాగాయి దొర వచ్చాడు. కుంటికాలు. చేతిలో గుడ్డ మూట. అందులో వాళ్ళ నాన్న పట్టిన పొట్టి ఈటె అలుగు.

"చేతికర్రలో దాచి పెట్టు కిసుకే. సుబతాలో కూతురింటికి పోతున్నా. ఇది లేకుండా గడప దాటలేను."

"పోలీసులు పట్టుకుంటే దొరగారూ?"

"ముసలాడి కర్రను ఎవడు చూస్తాడోయ్!"

లక్క పూత పూసి ఆరబెట్టాలంటే నెల పడుతుంది. దొర పది రోజులే ఆగాడు. పదో రోజు పొద్దున పూత లేని కర్రే తీసుకుని బయల్దేరాడు.

ఆయన సందు మలుపు తిరిగాక తోయో గిన్నెలు కడుగుతూ, "ఇదేం అతుకయ్యా!" అని అరిచింది. మొన్న కిసుకే అన్నంతో అతికించి ఇచ్చిన గరిటె నీళ్ళలో రెండు ముక్కలై తేలుతోంది.

కిసుకే ఆ ముక్కల కేసి చూశాడు. తర్వాత వాకిట్లో పడుతున్న వాన కేసి చూశాడు.

ఒర నడుమున వేలాడుతుంది, నేలను తాకదు. కర్ర అడుగడుక్కీ నేలను కొట్టుకుంటుంది. నలభై చిల్లర ఏళ్ళు ఒరలే చేసిన చేతులు కర్రనీ ఒరలాగే అన్నంతో అతికించాయి! అసానో నది వంతెన దగ్గర పోలీసు ఉంటాడు. పోయిన వారమే ఒకాయన విసనకర్రలో కత్తి దొరికితే లాక్కుని, ఆయన్నీ లాక్కుపోయారు.

"ఎక్కడికి? చెప్పులైనా వేసుకో!" తోయో మాట వెనకే ఉండిపోయింది.

వంతెన ఈ చివర దొర కనిపించాడు. అవతలి చివర పోలీసు ఒకడి మూట విప్పించి చూస్తున్నాడు. కర్ర పైనుంచి జానెడు కింద వెంట్రుకవాసి గీత. దొర అడుగు వేశాడు. గీత పెరిగింది.

"దొరగారూ! కర్ర ఇటివ్వండి."

"ఏమిట్రా ఆ ఉరుకు? ఇచ్చిందాన్ని తిరిగి పట్టుకుపోతావా?"

"ఇక నాతో నడవండి. నా భుజం పట్టుకోండి."

"నీ భుజమా! వీధిలోనా?"

"గట్టిగా అనకండి దొరా. అతుకు విచ్చుకుంటోంది."

దొర ముఖం పాలిపోయింది. జన్మలో ఒకరిమీద ఆనని మనిషి, ఒరలవాడి తడిసిన భుజం మీద చేయి వేశాడు. కిసుకే కర్రను గుండెకు ఆనించుకుని, గీత మీద అరచేయి బిగించాడు. అలుగు అంచు చర్మంలో దిగింది. పళ్ళు బిగబట్టాడు.

"ఎవరు తాతా ఇతను?" అన్నాడు పోలీసు.

దొర కిసుకే భుజం ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

"మా ఇంటి ఒరలు చేసేవాడు. నా కాలు బాగోలేదని సాయం వస్తున్నాడు."

"కర్ర చేతిలో ఉండగా భుజమెందుకు?"

"కర్ర నేనే చేశానయ్యా, పొట్టిదైపోయింది," అన్నాడు కిసుకే. "అందుకే తిడుతున్నారు."

పోలీసు నవ్వి, వెళ్ళండన్నాడు.

వంతెన దాటి, దేవదారుల వెనక్కి చేరాక కిసుకే చేయి తెరిచాడు. కర్ర రెండుగా విడిపోయి ఉంది. మధ్యలో అలుగు, దాని మీద నెత్తురు.

"కర్ర నేలను కొట్టుకుంటుందన్న సంగతే తోచలేదు దొరగారూ!"

దొర తన చేతిగుడ్డ చింపి అతని అరచేతికి చుట్టాడు. మిగిలిన గుడ్డలో అలుగును మూట కట్టి కిసుకే చేతికే ఇచ్చాడు.

"నీ దగ్గరే ఉంచు. ఎవరి కంటా పడనీకు," అన్నాడు. కూతురింటి దారి వైపు ఒకసారి చూశాడు. "పద, ఇంకా చాలా దూరం ఉంది. భుజం ఇటు తే."