కొంగు అడ్డం పెట్టుకుని నవ్వే పిన్ని

ఏడో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టేశాను గనక, నందిగామలోని ఇంగ్లీషు బోర్డుల్లో నేను తడుముకోకుండా చదవగలిగేది పన్ను బొమ్మ ఉన్నదొక్కటే. అందుకేనేమో, కూతురి పళ్లకు క్లిప్పులు వేయించడానికి చిల్లకల్లులో ఉండే మా పిన్ని నా ఆటోయే ఎక్కింది.

పిన్నివి ఎత్తుపళ్లు. మిరపకోతలకు పిన్నితో పాటు కూలీలను తీసుకెళ్తూ నేనేదైనా జోకేస్తే, ముందు ఆమె నోటికి కొంగు అడ్డం వచ్చేది, ఆ తర్వాతే నవ్వు. ఒక ఆదివారం చర్చిలో పాట పాడుతూ కూతురు కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం చూసింది. ఆ వారమే బయల్దేరింది.

డాక్టరమ్మ రెండు రకాలు చూపించింది. "ఈ తీగలవి బయటికి కనపడతాయి. ఇవి కనపడవు గానీ, ఖర్చు రెట్టింపండి."

"తీగలవే వెయ్యండమ్మా. కూలి డబ్బుల్లోంచి నెలనెలా కడతా," అంది పిన్ని.

పిల్ల మొహం ముడుచుకుంది. "అందరూ చూస్తారమ్మా."

"చూస్తే చూడనీవే. నేను ఇన్నేళ్లు దాచా, ఏమొచ్చింది?"

తిరిగొస్తుంటే నేను ఊరుకోలేక, "నువ్వూ వేయించుకోరాదూ పిన్నీ, కొంగుకి పని తప్పేది," అన్నాను.

పిన్ని కొంగు వదిలేసి, పళ్లన్నీ కనపడేలా నవ్వింది.

"నువ్వేసే జోకులకి ఈ పళ్లే ఎక్కువ. ముందు రోడ్డు చూసి తోలరా."