పేరు చెప్పని ప్రార్థన

మదనపల్లెలో ఆసుపత్రి వెనక సందులో ఉండే పరంజ్యోతి గదికి బోర్డు లేదు. బోర్డు ఉంటే లోపలికి వచ్చేవాళ్లను ఊరంతా చూస్తుందని ఆమె పెట్టించలేదు. మొగుడూ పెళ్లాల తగాదాలు విని, దారి చూపడం ఆమె పని. తల నెరిసేదాకా విన్నది ఏదీ గడప దాటించలేదు. తన దగ్గరికి వచ్చినవాళ్లు బజార్లో ఎదురైతే, వాళ్లు పలకరించేదాకా ముఖం తెలియనట్టే పోయేది. "ఎంత గీర్వాణమో ఈమెకు" అనేవాళ్లు. నవ్వి ఊరుకునేది.

పుంగనూరు నుంచి మహేష్, భవ్య వచ్చింది మామిడి కాపు రోజుల్లో. మహేష్ పాలకేంద్రం నడుపుతాడు. భవ్యను ఏమడిగినా అతనే మెత్తగా జవాబు చెప్పేవాడు. టీ ఇస్తే, అతను తలూపేదాకా ఆ పిల్ల గ్లాసు ముట్టలేదు. పరంజ్యోతి భవ్యను విడిగా కూర్చోబెట్టి అడిగింది. భవ్య కొంగు తొలగించి, మెడ మీద కమిలిన వేలిగుర్తులు చూపించింది. కొన్నాళ్లకు ఇల్లు వదిలి కుప్పంలో బట్టలు కుట్టే చోట పనికి చేరింది. ఎక్కడుందో ఒక్క పరంజ్యోతికే చెప్పింది.

ఇప్పుడు మహేష్ ఒక్కడే వచ్చాడు, బుట్టెడు టమాటాలతో.

"భవ్య యాడుండాదో నీకు తెలుసు గదమ్మా."

"తెలిసినా చెప్పను, తెలియకపోయినా చెప్పనప్పా. నువ్వు నాతో అనింది ఆ పిల్లకూ చెప్పను. నా పని అట్లాంటిది. ఆ బుట్ట తీస్కపో."

అతను నొచ్చుకోలేదు. "చెప్పొద్దులేమ్మా, నీ మాట ఎందుకు తప్పాల. కుప్పంలో ఉండాదంట. కుట్టేపనంట."

"ఎవురన్నారు నీతో?"

"మా వరమ్మత్త చెప్పింది. ఈ ఊళ్లోనే ఉండాది, మా పాలవ్యానుకు పాలు పోస్తాది. మీ ప్రార్థనకు వస్తాది గదా. నా కోసం గూడా ప్రార్థన చేస్తానని చెప్పింది పాపం."

ఆడవాళ్ల శుక్రవారం ప్రార్థనలో ఎవరి భారం వాళ్లు పైకి చెప్పుకుంటారు. ఏళ్ల తరబడి అక్కడ పరంజ్యోతి తన పని ఊసెత్తలేదు. పోయిన శుక్రవారం మాత్రం మనసు ఆగక, "మొగుడికి భయపడి పుంగనూరు వదిలి, కుప్పంలో కుట్టుకుని బతికే బిడ్డను కాపాడు తండ్రీ" అంది. పేరు చెప్పలేదు కాబట్టి తప్పు కాదనుకుంది.

"ఎప్పుడు పోతాండావు?" అడిగింది పరంజ్యోతి.

"పలమనేరు మీద బస్సులుండాయి. తొందర ఏముండాదిలేమ్మా."

బుట్ట వదిలేసే పోయాడు. ఆమె వెంటనే ఫోన్ చేసింది.

"భవ్యా, ఆడ నుంచి ఇప్పుడే లెయ్. మహేష్‌కు తెలిసిపోయింది. నా నోటి నుంచే పోయిందమ్మా, ప్రార్థనలో అనేసినా."

అవతల మిషన్ల చప్పుడు. భవ్య అంది: "నీకు తప్ప ఎవురికీ చెప్పలేదు గదమ్మా."

"నిజమే తల్లీ. ముందు పోలీస్ స్టేషన్‌కు పోయి కూర్చో, వాళ్లకు నేనూ ఫోన్ చేస్తా. ఆడ నుంచి యాడికి పోయినా నాకు మాత్రం చెప్పొద్దు."

భవ్య ఫోన్ పెట్టేసింది.

తర్వాతి శుక్రవారం ప్రార్థన మొదలుకాకముందే వరమ్మ పరంజ్యోతి పక్కకు జరిగి కూర్చుంది.

"ఆ కుప్పం బిడ్డ ఇప్పుడు యాడుండాది పరంజ్యోతీ? కనుక్కోమన్నాడు మహేష్. ఏడస్తాండాడు, పాపం."

"నాకు తెలీదు" అంది పరంజ్యోతి. ఈసారి అది నిజం.

వరమ్మ నమ్మినట్టు లేదు. కిటికీ అవతల పాలవ్యాను ఇంజిను ఆపకుండా నిలబడి ఉంది.